కోపంతో పెట్టిన పేరు

మొన్న సరుకులు ఆర్డర్ చేస్తే, తెచ్చే మనిషి పేరు ఫోన్‌లో పడింది. ఇమాంట్స్. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. అదే పేరు. చాలా ఏళ్ళుగా ఆ పేరు నేను ఒక సమాధి రాయి మీద తప్ప ఇంకెక్కడా చూసి ఎరగను.

మామూలుగా అయితే సంచులు గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళిపొమ్మని టిక్ పెడతాను. ఆ రోజు మాత్రం తలుపు తీసుకుని బయటే నిలబడ్డాను. ముప్పై ఐదేళ్ళ మనిషి, చెవుల్లో ఇయర్‌బడ్స్, చేతిలో నా బియ్యం సంచి. తెలుగువాళ్ళం కదా, కొత్త పేరు వింటే అర్థం అడగందే ఊరుకోలేం. అడిగాను.

"మా ముత్తాత పేరంట మేడమ్. లాత్వియా నుంచి వచ్చాడు. అర్థం అంటూ ఏమీ లేదనుకుంటా," అని ఇంగ్లీషులో తేలిగ్గా అనేసి, సంచిలోంచి జారిపోతున్న ఎర్ర కార్నేషన్ పువ్వుల కట్ట నా చేతికిచ్చాడు. "ఎవరిదైనా బర్త్‌డేనా?"

"కాదు. పేరు పండగ," అన్నాను. అదేమిటో అతనికి తెలీదు. నవ్వి వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు మండింది. అర్థం లేదట. ఆ పేరుకి అర్థం లేకపోతే ఇంక ఏ పేరుకీ లేదు. ఆ కోపంలోనే కూర్చుని ఇది రాస్తున్నాను. ఇందులో ఆ ఒక్క పేరే ఉంటుంది. మంచివాళ్ళ పేర్లు రాసి వాళ్ళని ఈ గొడవలోకి లాగడం ఎందుకు, చెడ్డవాళ్ళ పేర్లు రాసి వాళ్ళని నలుగురూ తలుచుకునే భాగ్యం కలిగించడం ఎందుకు.

న్యూజెర్సీలో మేం మొదట దిగింది రెండంతస్తుల చెక్క ఇంట్లో. కింద ఇంటి ఓనరు, లాత్వియా నుంచి వచ్చిన ఇమాంట్స్ తాత ఉండేవాడు. పైన అమ్మ, నాన్న, నేను. అమ్మ నర్సు. గుంటూరులో దొరసానుల ఆస్పత్రిలో పని నేర్చుకుని, ముందు తనొక్కతే అమెరికా వచ్చి, ఏడాది తర్వాత మమ్మల్ని రప్పించుకుంది. అప్పుడు నాకు పదేళ్ళు. అమ్మ ముసలివాళ్ళ నర్సింగ్‌హోమ్‌లో నైట్ డ్యూటీ చేసేది. సాయంత్రాలు కిటికీకి దుప్పటి కట్టుకుని నిద్రపోయేది. ఆ వేళ నేనూ నాన్నా పిల్లుల్లా నడిచేవాళ్ళం.

ఆ ఇంటి మెట్ల మీద రెండు దేశాల వాసనలు కొట్టుకునేవి. కింద నుంచి నల్ల రొట్టె, కాఫీ, నేలకి రాసే మైనం, జీలకర్రలాగే ఉండి జీలకర్ర కాని ఒక గింజ వాసన. పైనుంచి మా ఎండుచేపలు. అమ్మమ్మ ట్రంకుపెట్టె అడుగున చుట్టి పంపిన వాటిని అమ్మ మొదటిసారి వేయించిన రోజు, తాత మెట్లెక్కి వస్తుంటే నాన్నకి చెమటలు పట్టాయి. ఇల్లు ఖాళీ చెయ్యమంటాడని. ఆయన తలుపు దగ్గర నిలబడి గట్టిగా ఊపిరి పీల్చి, "మా ఊరి రేవు వాసన," అన్నాడు. ఆయన మాట్లాడింది ఇంగ్లీషే, అదీ విరిచి విరిచి. నేను మన భాషలో రాస్తున్నాను.

ఆయన వెళ్ళే లాత్వియన్ల చర్చిలోనే మా తెలుగువాళ్ళ ఆరాధన కూడా జరిగేది. వాళ్ళూ లూథరన్లు, గుంటూరు నుంచి వచ్చిన మావాళ్ళూ లూథరన్లే. పొద్దున వాళ్ళది, మధ్యాహ్నం మాది. మేం వెళ్ళేసరికి వాళ్ళ ముసలమ్మలు వంటగదిలో కప్పులు కడుగుతూ ఉండేవాళ్ళు. నేను గిన్నెలోంచి పంచదార బిళ్ళలు దొంగిలించి బుగ్గన పెట్టుకునేదాన్ని, ఎవరూ చూడకపోతే కప్పుల్లో మిగిలిన కాఫీ కూడా తాగేదాన్ని. వాళ్ళ భాషలో మగవాళ్ళ పేర్లకి చివర ఒక 'స్' ఉంటుంది. మా నాన్న పేరుకీ తగిలించేశారు. నాన్న ఆ కొత్త పేరుకి పలికేవాడు కూడా. ఆయన అంతే, ఎవరు ఏ పేరు పెట్టి పిలిచినా పలుకుతాడు.

ఆరాధనకి ఆ చర్చి హాలు మాకు ఇప్పించింది డాక్టరంకుల్. మాకంటే ఎంతో ముందు వచ్చి స్థిరపడ్డవాడు, సంఘానికి పెద్ద. ఆయన భార్య డాక్టరాంటీ. ఆవిడ డాక్టరు కాదు, కానీ ఆ దర్జా అంతా ఆవిడదే. మొదటి ఆదివారం అమ్మ కీర్తన ఎత్తుకుంది. అమ్మ గొంతు ఎలాంటిదంటే, కప్పులు కడిగే ముసలమ్మలు చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. ఆరాధన అయ్యాక డాక్టరాంటీ అమ్మ చెయ్యి పట్టుకుని, "ఎంత బాగా పాడావమ్మా. మా ఇంటికి రండి, ఎప్పుడైనా రండి," అంది. అమ్మ ఆ మాట ఇంటికి తెచ్చుకుని పది రోజులు మురిసిపోయింది.

తర్వాతి ఆదివారం ఆవిడే అడిగింది, "గుంటూరులో ఎక్కడమ్మా మీది?" అని. అమ్మ పేట పేరు చెప్పింది. "ఓహో, ఆ పేటా," అంది ఆవిడ. అంతే. అప్పటి నుంచి అమ్మ పాటల పుస్తకం అందిస్తే అంచు పట్టుకుని తీసుకునేది. ఆ పేట అంటే ఏమిటో నాకప్పుడు తెలీదు. బాప్తిస్మం ఇచ్చినా, సముద్రాలు దాటినా మనిషికి పేట మారదని తర్వాత తెలిసింది. అమ్మకి అప్పుడే తెలుసు. అయినా తెలీనట్టు ఉండేది.

క్రిస్మస్ ముందు శనివారం అమ్మ కజ్జికాయలు చేసింది. ఇండియన్ షాపు దగ్గర్లో లేదు. సూపర్‌మార్కెట్‌లో కేకుల మీద చల్లుకునే తియ్య కొబ్బరి దొరికితే, దాన్ని నీళ్ళలో కడిగి, పిండి, ఆరబోసి, యాలకులు దంచి కలిపింది. స్టీలు డబ్బా నిండా సర్ది, పట్టుచీర కట్టుకుని, దాని మీద మగవాళ్ళ ఓవర్‌కోటు తొడుక్కుంది. "పండగ కదా, మనమే వెళ్దాం. రమ్మంది కదా ఆవిడ," అంది.

మంచు పడుతోంది. డాక్టరంకుల్ ఇంటి ముందు కార్లు వరసగా ఉన్నాయి. లోపల హార్మోనియం, నవ్వులు, బిరియానీ వాసన. సంఘంలో ఉన్న తెలుగువాళ్ళంతా అక్కడే ఉన్నారు. మేం తప్ప. ఇక్కడి ఇళ్ళకి చెక్క తలుపుకి బయట ఇంకో గాజు తలుపు ఉంటుంది, చలి ఆపడానికి. డాక్టరాంటీ చెక్క తలుపు తీసింది. గాజు తలుపు తియ్యలేదు. దాని వెనక నుంచే మాట్లాడింది.

"అయ్యో, మీరా. ఇవాళ గెస్టులున్నారమ్మా. ఇది ఇండియా కాదు కదా. ఇక్కడ ఒకరింటికి రావాలంటే ముందురోజు ఫోన్ చెయ్యాలి. రూల్ అలాంటిది."

అమ్మ డబ్బా ఎత్తి చూపించింది. "పండగ పిండివంటలండీ. ఇచ్చి వెళ్ళిపోతాం."

"అక్కడ పెట్టి వెళ్ళండి. తర్వాత తీయిస్తాను."

అక్కడ అంటే మంచులో, చెప్పులు దులుపుకునే పట్టా పక్కన. అమ్మ ఊపిరికి గాజు మసకబారింది. ఆ మసకలోంచి ఆవిడ చెక్క తలుపు మూసెయ్యడం చూశాను. అమ్మ డబ్బా అక్కడ పెట్టలేదు. ఒళ్ళో పెట్టుకుని కారెక్కింది.

"వాళ్ళ రూల్ వాళ్ళది," అన్నాడు నాన్న స్టీరింగ్ పట్టుకుని. నేను వెనక సీట్లో కూర్చుని పళ్ళు కొరుక్కున్నాను. ఆవిడ కూడా ఒకరోజు తన గుమ్మంలో తనే చేతులు ఖాళీగా, నోరు ఎండిపోయి, ఏం చెయ్యాలో తెలీకుండా నిలబడాలి, అది నేను నా కళ్ళతో చూడాలి అనుకున్నాను. ప్రార్థన కూడా చేశాను. అలాంటి ప్రార్థనలు చెయ్యకూడదని సండేస్కూల్లో చెప్పారు. చేస్తే వినరని మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇంటికొచ్చాక అమ్మ పైకి రాలేదు. కింద తలుపు ముందు ఆగింది. కొట్టాలా వద్దా అని కాసేపు నిలబడి, చివరికి కొట్టింది. తాత చేతులకి పిండితో వచ్చాడు.

"సారీ, ఫోన్ చెయ్యలేదు," అంది అమ్మ.

"ఫోన్ ఎందుకు? నేను ఇంట్లోనే ఉన్నానుగా," అన్నాడు ఆయన, తలుపు బార్లా తీసి.

ఆయన పండక్కి వాళ్ళ పీరాగీలు చేస్తున్నాడు. పందిమాంసం, ఉల్లిపాయ ముక్కలు లోపల పెట్టి, అర్ధచంద్రంలా మడిచి, అంచు నొక్కి కాల్చే రొట్టెలు. అమ్మ డబ్బా మూత తీస్తే ఆయన ముందు కజ్జికాయల్నీ తర్వాత తన పళ్ళేన్నీ చూసి పెద్దగా నవ్వాడు. రెండూ ఒకే కాన్పులో పుట్టినట్టున్నాయి. ఒకే పళ్ళెంలో కలిపి పెట్టాడు. ఏది కొరికితే కొబ్బరో, ఏది కొరికితే మాంసమో తెలీక ఆ సాయంత్రం మేం ఆడుకుంటూ తిన్నాం. నాన్న నోరు తెరిచి జరిగిందంతా చెప్పేశాడు. తాత ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. "ఆ గాజు తలుపు బాగా గుర్తుపెట్టుకో," అన్నాడు, అమ్మతో కాదు, నాతో.

అమ్మ మాట మార్చడానికి అడిగింది, "మీ పేరుకి అర్థం ఏంటండీ?" అని.

ఆయన చేతులు తుడుచుకుని కూర్చున్నాడు. ఆ పేరు అసలు లాత్వియన్లది కాదట. లాత్వియా తీరంలోనే చేపలు పట్టుకు బతికిన లివ్‌లు అనే జనానిదట. వాళ్ళు ఇప్పుడు లేనట్టే. భాష పోయింది, పేరు మిగిలింది. పూర్వం జర్మన్ బిషప్పు ఒకాయన గుర్రాలతో, కత్తులతో వచ్చి, బాప్తిస్మం తీసుకుంటారా చస్తారా అన్నాడట. యుద్ధంలో ఆయన గుర్రం బెదిరి, లివ్‌ల మధ్యలోకి పరిగెత్తింది. అప్పుడు ఇమాంట్స్ అనే లివ్ వీరుడు బల్లెంతో పొడిచాడు. ఎదురుగా కాదు, వెనక నుంచి.

"బిషప్పునా!" అని అమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఆ పేరు పెట్టుకుని చర్చికెలా వస్తున్నారండీ?"

"దేవుడికి అభ్యంతరం లేదు. పాస్టరుకే కొంచెం," అన్నాడు.

ఆయన తండ్రి ఒక జర్మన్ దొర భూముల్లో పనిచేసేవాడట. టోపీ తీసి చేత్తో పట్టుకుని తప్ప దొర ముందు నిలబడకూడదు. ఆ రోజుల్లో వాళ్ళ జనం పాత పేర్లు తవ్వి తీసి పిల్లలకి పెట్టుకోవడం మొదలుపెట్టారు. దొరకి నోరు తిరగని పేరు, వింటే దొరకి గుర్తు రావలసింది గుర్తొచ్చే పేరు. "మా నాన్న ఆ పేరు నాకు ప్రేమతో పెట్టలేదు. కోపంతో పెట్టాడు," అన్నాడు తాత. అసలు అర్థం ఏమిటంటే, అద్భుతం అని కొందరంటారట, ఎవరికీ సరిగా తెలీదట. ఆ వీరుడు మాత్రం చావలేదనీ, నీలికొండ అనే కొండ కింద నిద్రపోతున్నాడనీ వాళ్ళ కథ.

"ఇప్పుడు లేస్తాడా?" అని అడిగాను.

"తొందరపడడు. గుర్రం తనంతట తనే దగ్గరికి వచ్చేదాకా ఆగినవాడు."

నా పేరు అమ్మ ఆస్పత్రిలో ఉన్న ఒక దొరసాని పేరు. అమ్మ కృతజ్ఞతతో పెట్టింది. ఆ సాయంత్రం నాకు మొదటిసారి నా పేరు చప్పగా అనిపించింది.

గోడ మీద వాళ్ళ క్యాలెండరు ఉంది. ప్రతి తేదీ కిందా పేర్లు. ఆ తేదీన ఆ పేరున్నవాళ్ళకి పండగ. పుట్టినరోజు కంటే అదే పెద్దదట. దానికి ఎవరినీ పిలవరు. కేకు చేసి, కాఫీ పెట్టి, తలుపు గడియ తీసి కూర్చోవాలి. గుర్తున్నవాళ్ళు వస్తారు. ఎవరొచ్చినా కాదనకూడదు. పువ్వులు తెస్తే బేసి సంఖ్యలో తేవాలి. సరి సంఖ్య చచ్చినవాళ్ళకి. ఇది చెబుతూ తాత గొంతు తగ్గించాడు. వాళ్ళ పాటల గుంపు నాయకుడు ఒకసారి ఈయన గొంతు పాడైందని గుంపులోంచి తీసేశాడట. అప్పటి నుంచి ప్రతి ఏడూ ఆ నాయకుడి పేరు పండక్కి అందరికంటే ముందు ఈయనే వెళ్తాడు. నాలుగు కార్నేషన్లు చేతిలో పెట్టి, రెండు ముక్కలు కేకు తిని వస్తాడు. "బయటికి పొమ్మనలేడు. ఆ రోజు ఎవరినీ పొమ్మనకూడదు," అన్నాడు, మీసం తుడుచుకుంటూ. అంతకంటే ముద్దొచ్చే ముసలాయన్ని నేను జన్మలో చూడలేదు.

ఆ క్రిస్మస్ తర్వాత అమ్మ చర్చిలో పాడటం మానేసింది. వెనక బెంచీలో కూర్చునేది. కీర్తన డాక్టరాంటీ ఎత్తుకునేది. ఆవిడ పాడుతుంటే హార్మోనియం ఆవిడ వెనక పరిగెత్తేది, ఎప్పుడూ అందుకోలేకపోయేది. అమ్మ పెదాలు కూడా కదిలేవి కావు. ఇంట్లో అంట్లు తోముతూ కూడా పాడేది కాదు. నాకు ఆవిడ మీద కోపం తగ్గకపోవడానికి అది చాలు. ప్రతి ఆదివారం దానికి మళ్ళీ కట్టెలు వేసేది ఆ మౌనమే.

వేసవి సెలవుల్లో తాత దగ్గర కూర్చుని ఆయన పేరు ఏ తేదీన వస్తుందో వెతికాను. జూలై మొదట్లో ఉంది. దానికి రెండు తేదీల ముందు, చివర 'స్' తగిలించుకుని, డాక్టరంకుల్ పేరు కనిపించింది. బైబిల్లో పేరే కదా, వాళ్ళకీ ఉంది. నేను దాని మీద వేలు పెట్టి తాత వైపు చూశాను.

"ఆయనకి తెలుసా?" అన్నాడు.

"పేరు ఆయనదే కదా."

తాత లేచి వెళ్ళి ఒక పంచదార బిళ్ళ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

ఆ ఆదివారం కప్పులు కడిగే ముసలమ్మలకి నేను చెప్పింది ఇంతే. మా డాక్టరంకుల్ పేరు మీ క్యాలెండర్లో ఉంది. ఆయన ఇల్లు చాలా పెద్దది. ఆంటీ అందరినీ 'ఎప్పుడైనా రండి' అంటుంది. ఇందులో అబద్ధం ఒక్కటుంటే చూపించండి. మిగతాది తాత చూసుకున్నాడు. ఇండియన్ డాక్టరు మన పేరు పండగ చేసుకుంటాడట అని ఆ ముసలివాళ్ళంతా మురిసిపోయారు. పాతికేళ్ళకి పైగా తమ పండగలు తాము తప్ప ఇంకెవరూ పట్టించుకోని దేశంలో బతికినవాళ్ళు. పాటల గుంపు కూడా వస్తానంది.

ఆ పేరు పండగ సాయంత్రం తాత కారులో నేనూ వెళ్ళాను. నా చేతిలో నాలుగు కార్నేషన్లు. ఎండ ఇంకా తగ్గలేదు. కార్లు ఒక్కొక్కటే వచ్చి వీధంతా నిండాయి. మగవాళ్ళు నల్ల సూట్లు, ఆడవాళ్ళు టోపీలు, గుండెల మీద తేనెరంగు రాళ్ళ బ్రోచ్ పిన్నులు, అందరి చేతుల్లో పువ్వులు. గడ్డి మీద వరసగా నిలబడి, నెమ్మదిగా, గంభీరంగా ఒక పాట మొదలుపెట్టారు. వాళ్ళ సంతోషం పాటలు కూడా అలాగే ఉంటాయి.

డాక్టరాంటీ కిటికీ తెర తొలగించి చూసింది. డాక్టరంకుల్ ఇంకా ఆస్పత్రి నుంచి రాలేదు. భర్త ఇంట్లో లేడు, ఇంటి ముందు నల్లబట్టలు, పువ్వులు, ఏడుపులాంటి పాట. మనవాళ్ళెవరైనా అనుకునేదే ఆవిడా అనుకుంది. చెక్క తలుపు తీసి గాజు తలుపుకి రెండు చేతులూ ఆనించి, "ఏమైంది? ఆయనకేమైంది? మా ఆయనకి ఏమైందో చెప్పండి," అని గొంతు చించుకుంది. ఆవిడ ఊపిరికి గాజు మసకబారింది.

చెప్పడానికి నేనేమీ తొందరపడలేదు. పాట పూర్తి కానిచ్చాను.

"ఏం కాలేదాంటీ. ఇవాళ అంకుల్ పేరు పండగ. వీళ్ళంతా అందుకే వచ్చారు. కేకు, కాఫీ ఇవ్వాలి."

"ఎవరు రమ్మన్నారే వీళ్ళని?"

"ఎవరూ రమ్మనరాంటీ. పిలవకుండానే రావాలి. రూల్ అలాంటిది."

ఆవిడ నా ముఖం చూసింది. అర్థమైంది. కానీ నా వెనక నిలబడ్డవాళ్ళలో ఆ చర్చి కమిటీ పెద్దలు ఉన్నారు. వాళ్ళు కాదంటే మాకు హాలు లేదు, హాలు లేకపోతే ఆవిడ భర్తకి పెద్దరికం లేదు. గాజు తలుపు గడియ తీసింది. పాతిక మంది బూట్లతో ఆవిడ తెల్ల కార్పెట్ మీద నడిచి, సోఫాల్లో, మెట్ల మీద, కిటికీ గట్ల మీద సర్దుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కాఫీ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. నేను నా నాలుగు పువ్వులూ ఆవిడ చేతిలో పెట్టాను. తాత చూసీ చూడనట్టు గోడ మీది పటం వైపు తిరిగాడు.

వంటింట్లో ఏమీ లేదు. సగం బ్రెడ్డు, నిన్నటి చేపల పులుసు, అడుగంటిన ఇన్‌స్టంట్ కాఫీ సీసా. ఒక ముసలమ్మ మంచితనంగా వచ్చి, "కేకు ఇంకా ఓవెన్‌లో ఉందా, నేను తియ్యనా?" అని అడిగింది. డాక్టరాంటీ ముఖంలో నెత్తురు చుక్క లేదు. చల్లటి ఓవెన్‌కి వీపు ఆనించి నిలబడింది. నేను కారు వెనక సీట్లో కోరుకున్నది అచ్చం అదే. ఇంకేమీ అక్కర్లేదనుకున్నాను. కానీ ఇంకా ఉంది.

"మీ అమ్మకి ఫోన్ చెయ్యి," అంది ఆంటీ. "మీ ఇల్లు పది నిమిషాలే కదా. ఏదైనా చేసి పట్టుకురమ్మను. ఉన్నదేదో."

గోడ ఫోన్‌లో నంబరు తిప్పాను. అమ్మ నిద్ర గొంతుతో పలికింది. నేనేమీ చెప్పకుండా, "మీరే అడగండాంటీ," అని రిసీవర్ ఆవిడకిచ్చాను.

ఆవిడ అడిగింది. మొదట 'అమ్మాయ్' అంది. తర్వాత అమ్మని పేరు పెట్టి పిలిచింది. తర్వాత 'మీరు' అంది. "మీరు తప్ప నాకెవరూ తోచట్లేదమ్మా. కజ్జికాయలో ఏవో... మీరు బాగా చేస్తారట కదా. కొంచెం రండి." తర్వాత వింది. రిసీవర్ పెట్టబోతే అది కొక్కేనికి తగలకుండా జారి, తీగ పట్టుకుని గోడకి కొట్టుకుంది.

"వస్తోందా?" అన్నాను. ఆవిడ అలమారలోంచి ఆవకాయ జాడీ దింపింది.

ఆ రోజు డాక్టరంకుల్ పేరు పండక్కి కాగితం గ్లాసుల్లో మంచినీళ్ళు, బ్రెడ్డు ముక్కల మీద ఆవకాయ పెట్టారు. పాటల గుంపు నాయకుడికి పొలమారి కళ్ళలోంచి నీళ్ళు కారాయి. తాత మాత్రం ఇష్టంగా తిని, ఇంకో ముక్క అడిగాడు. వెళ్ళేటప్పుడు ముసలమ్మలు ఆంటీని జాలిగా కౌగిలించుకున్నారు. పాపం, పండగ మర్చిపోయిన ఇల్లాలు అని వాళ్ళు చర్చిలో ఎన్నాళ్ళు చెప్పుకున్నారో. తిట్టినా ఆవిడ అంత బాధపడేది కాదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ తెల్ల యూనిఫామ్ ఇస్త్రీ చేసుకుంటోంది.

"డాక్టరాంటీతో ఏమన్నావమ్మా?"

అమ్మ ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "తప్పకుండా వస్తానండీ అన్నాను. ముందురోజు ఫోన్ చేసి వస్తాను అన్నాను."

అని, కాలరు తిప్పి మళ్ళీ ఇస్త్రీ చేసుకుంది. నాన్న భయపడి, మనం సారీ చెప్పాలేమో అంటూ ఫోన్ దగ్గరికి వెళ్ళబోతే, "ముట్టుకోకు," అంది. ఒకే మాట. ఆ గొంతు అమ్మలో ఉందని మాకెవరికీ తెలీదు. తర్వాత యూనిఫామ్ మడత పెడుతూ, తనకి తెలీకుండానే, సన్నగా కూనిరాగం తీసింది. నేను మెట్ల మీదకి పారిపోయి అక్కడ కూర్చుని ఏడ్చాను. గెలిస్తే ఏడుపొస్తుందని నాకప్పటిదాకా తెలీదు.

రెండ్రోజులకి తాత పేరు పండగ. అమ్మ కజ్జికాయలు చేసింది. మేం ఫోన్ చెయ్యకుండా మెట్లు దిగాం. ఆయన చేసిన కేకు జంతికలా మెలితిప్పి, యాలకుల వాసనతో బల్ల నిండా పరుచుకుని ఉంది. ఆ తర్వాతి ఆదివారం కీర్తన మొదలయ్యే వేళ, అమ్మ వెనక బెంచీలోంచి లేచి నిలబడి ఎత్తుకుంది. డాక్టరాంటీ పుస్తకంలోకి తల దించుకుంది. ఆ తర్వాత ఎన్నేళ్ళయినా ఆవిడ మా ఇంటికి రాలేదు, మేమూ ఫోన్ చెయ్యలేదు.

ఆ ప్రపంచంలో ఇప్పుడేమీ లేదు. కప్పులు కడిగే ముసలమ్మలు లేరు. ఆ చర్చి అమ్మేశారు, అందులో ఎవరో వ్యాయామశాల పెట్టారు. తెలుగువాళ్ళకి సొంత చర్చిలు వచ్చాయి, ఎవరి కారు పార్కింగ్ వాళ్ళకుంది. పక్కింటికి వెళ్ళాలన్నా మెసేజ్ పెట్టి, జవాబొచ్చాక వెళ్తున్నాం. అంటే చివరికి గెలిచింది ఆవిడ రూలే. అది నాకింకా మింగుడు పడదు. తాత ఒక చిన్న గుట్ట పక్కన నిద్రపోతున్నాడు. అమ్మ కూడా అక్కడికి దగ్గర్లోనే. వాళ్ళిద్దరికీ నేను తీసుకెళ్ళే పువ్వులు సరి సంఖ్యలోనే ఉంటాయి, అది వాళ్ళకి చెందవలసిన మర్యాద.

డాక్టరంకుల్ పోయి చాలాకాలమైంది. డాక్టరాంటీ ఉంది. తొంభై దాటాయి. పిల్లల్లో ఒకరు చాండ్లర్‌లో, ఒకరు బాతెల్‌లో, ఇద్దరూ విమానమెక్కి రావలసినంత దూరం. ఈవిడ మా ఊరికి దగ్గర్లో ఒక వృద్ధుల హోమ్‌లో, ఒక గదిలో. ఎవరినీ గుర్తుపట్టదు. నేను ప్రతి ఏడూ ఆ తేదీన, వాళ్ళాయన పేరు పండగ రోజున, వెళ్తాను. సరుకుల్లో కార్నేషన్లు తెప్పించింది అందుకే. కట్టలోంచి నాలుగు తీసి పట్టుకున్నాను.

నిన్న కూడా వెళ్ళాను. చక్రాల కుర్చీలో కిటికీ వైపు తిరిగి కూర్చుని ఉంది. అలికిడికి తల తిప్పింది. అంతా మర్చిపోయిన ఆ మనిషికి ఒక్క మాట మిగిలింది. ప్రతి ఏడూ అదే అడుగుతుంది.

"ఎవరమ్మా? ఫోన్ చేసి వచ్చావా?"

"లేదాంటీ. చెయ్యలేదు," అన్నాను. పువ్వులు ఒళ్ళో పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆవిడ ఎదురుగా కూర్చున్నాను.